ఊరి చరిత్ర: చెప్పే సభలు, అడిగే సభలు

ఊరి చరిత్ర మీద ఒక కార్యక్రమం పెట్టాలనుకోగానే ముందుగా వచ్చే ప్రశ్న, వక్తగా ఎవరిని పిలవాలన్నది. పట్నం నుంచి ఒక ప్రొఫెసర్నో, రిటైరైన అధికారినో పిలుస్తారు. పాత ఫొటోలు గోడకు తగిలిస్తారు. హాలు నిండుతుంది, అందరూ సంతోషంగా ఇళ్లకు వెళ్తారు. ఇందులో తప్పేమీ లేదు. కానీ అదే హాల్లో మూడో వరసలో కూర్చున్న ఎనభై ఏళ్ల మనిషికి ఆ ఊరి గురించి వక్త కంటే ఎక్కువ తెలిసి ఉండొచ్చు. చెరువు ఏ వానకు తెగిందో, మిల్లు ఎందుకు మూతపడిందో, ఏయే కుటుంబాలు ఎప్పుడు వలసపోయాయో ఆయన చూశాడు. ఆయన్ను అడిగేవాళ్లుండరు. పల్లెల్లో జరిగే చరిత్ర కార్యక్రమాలకు ఉన్న పెద్ద లోపం ఇదే. చెప్పడానికి మైకు, వేదిక, సమయం అన్నీ ఉంటాయి. అడిగి రాసుకోవడానికి ఏ ఏర్పాటూ ఉండదు.

ఈ లోపం వల్ల పట్నం కంటే పల్లెకే ఎక్కువ నష్టం. పట్నం తన గురించి తానే బోలెడంత కాగితం పుట్టిస్తుంది. మున్సిపల్ రికార్డులు, పత్రికలు, కంపెనీల లెక్కల పుస్తకాలు, సంఘాల మినిట్స్ మిగులుతాయి. పల్లె గురించి రాసినవాళ్లు చాలావరకు బయటివాళ్లు: శిస్తు వసూలుకు వచ్చిన అధికారి, కోర్టు గుమస్తా, పోలీసు, జనాభా లెక్కలు రాసుకునే మనిషి. వాళ్లకు కావలసింది భూమి, బాకీ, నేరం, మనుషుల సంఖ్య. అందుకే ఆ కాగితాల్లో కనిపించే పల్లె ఎకరాలతోనూ తగాదాలతోనూ నిండి ఉంటుంది. పొలం పని పిల్లలు ఎలా నేర్చుకునేవారు, కరువు ఏడాది ఎవరు ఎవరికి తిండి పెట్టారు, పెళ్లయి వచ్చిన అమ్మాయికి ఆ ఊరు మొదట్లో ఎలా కనిపించింది లాంటివి మనుషుల జ్ఞాపకాల్లో తప్ప ఇంకెక్కడా దొరకవు.

బయటివాళ్లు అడిగి రాయించినప్పుడు ఎంత దక్కుతుందో, ఏది దక్కకుండా పోతుందో చెప్పడానికి తెలుగు పాఠకులకు బాగా తెలిసిన ఉదాహరణ కైఫీయతులు, అంటే ఊరూరా అడిగి రాయించిన వృత్తాంతాలు. ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. అంతకు చాలా ముందునుంచీ, 1821లో చనిపోయేదాకా, శాసనాల నకళ్లు, తాళపత్రాలు, నాణేలు, ఊళ్ల వృత్తాంతాలు సేకరిస్తూనే ఉన్నాడు. నిజానికి ఆ పనిని నడిపించినవాళ్లు కావలి బొర్రయ్య, 1803లో ఆయన చనిపోయాక తమ్ముడు లక్ష్మయ్య, వాళ్లతోపాటు పనిచేసిన సహాయకులు. ఊళ్లు తిరిగి, కరణాల దగ్గరున్న దండకవిలెల (ఊరి పాత లెక్కలు, వృత్తాంతాలు రాసి ఉంచిన పుస్తకాల) నుంచి, పెద్దలు చెప్పిన మాటల నుంచి సమాచారం రాబట్టారు. గుడి ఎవరు కట్టించారు, ఏ రాజు కాలంలో ఏ మాన్యం ఇచ్చారు, చెరువు ఎవరు తవ్వించారు అన్నవి అలా కాగితం మీదకొచ్చాయి. తర్వాత సి.పి. బ్రౌన్ వాటికి నకళ్లు రాయించకపోతే ఇంకెంత పోయి ఉండేదో.

ఆ కాగితాలకు ఎంత రుణపడి ఉన్నా, వాటిలో వినిపించే గొంతు ఎవరిదో గమనించాలి. చెప్పినవాళ్లు ఎక్కువగా కరణాలు, అర్చకులు, పెద్ద కుటుంబాలవాళ్లు. మాన్యాల హక్కులు పాత దానాల మీద ఆధారపడి ఉన్న కాలంలో, ఆ దానం ఫలానా రాజు ఇచ్చాడని చెప్పుకోవడం వల్ల చెప్పేవాడికి లాభం కూడా ఉంది. చెరువు తవ్వించినవాడి పేరు దొరుకుతుంది, తట్టలు మోసినవాళ్ల పేర్లు దొరకవు. ఆడవాళ్ల మాట దాదాపు వినిపించదు. ఏ కాలంలోనైనా, ఏ దేశంలోనైనా ఊరి చరిత్ర సేకరించేవాళ్లు ముందు తేల్చుకోవలసింది ఇదే: ఎవరు అడుగుతున్నారు, ఎవర్ని అడుగుతున్నారు?

ఈ ప్రశ్నకు అరుదైన జవాబు ఇచ్చిన దేశం ఐర్లాండ్. అక్కడ 1935లో జానపద కథలూ ఆచారాలూ సేకరించడానికి ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ ఏర్పడింది. దాని పూర్తికాలపు సేకర్తలు కొద్దిమందే. వాళ్లతో దేశమంతా తిరగడం అయ్యే పని కాదు. కమిషన్ డైరెక్టర్ షేమస్ ఓ డూలర్గా, ఆయన సహచరుడు షాన్ ఓ సూలావాన్ విద్యాశాఖతోనూ ఉపాధ్యాయుల సంఘంతోనూ మాట్లాడి ఒక పథకం వేశారు. ప్రాథమిక పాఠశాలల్లో పై తరగతుల పిల్లలు, అంటే సుమారు 11 నుంచి 14 ఏళ్లవాళ్లు, వారం వారం రాసే వ్యాసం బదులు ఇంట్లో పెద్దలను అడిగి తెలుసుకున్న సంగతులు రాయాలి. 1937లో మొదలై 1939 దాకా సాగిన ఈ పనిలో 26 కౌంటీల (జిల్లాల) నుంచి సుమారు 5,000 పాఠశాలలు పాలుపంచుకున్నాయి. పోగైన రాతప్రతులు దాదాపు 7,40,000 పేజీలు. పెద్ద నగరాల బడులు చాలావరకు ఇందులో చేరలేదు. ఇది పల్లెలు తమ గురించి తాము రాసుకున్న చరిత్ర.

పథకం గెలవడానికి అసలు కారణం ఉపాధ్యాయులకు పంపిన ఒక చిన్న పుస్తకం. అందులో 55 శీర్షికలున్నాయి. ఒక్కో శీర్షిక కింద పిల్లలు ఇంటికెళ్లి అడగగలిగే మామూలు ప్రశ్నలున్నాయి. ఊళ్లో కమ్మరి కొలిమి ఎక్కడుంది? వెన్న ఎలా చిలుకుతారు? వాన వస్తుందని దేన్ని చూసి చెబుతారు? పాత రోడ్లు ఎటు పోయేవి? వాటిలో పాదాల సంరక్షణ అనే శీర్షిక కూడా ఒకటి ఉంది. పూర్వం ఎన్నేళ్లు వచ్చాక బూట్లు తొడుక్కునేవాళ్లు, ఇప్పుడు చెప్పుల్లేకుండా తిరిగే పిల్లలున్నారా, కాళ్లు కడిగిన నీళ్ల గురించి ఏమైనా నమ్మకాలున్నాయా, చెప్పులు ఊళ్లోనే కుడతారా అని అడిగారు. ‘మీ ఊరి చరిత్ర చెప్పండి’ అంటే ఏ ముసలమ్మా నోరు విప్పదు, నాకేం తెలుసు అంటుంది. ‘నీకు మొదటిసారి బూట్లు ఎప్పుడు కొన్నారు’ అని అడిగితే ఆ ఇంటి పేదరికం, పిల్లల సంఖ్య, ఊళ్లో చెప్పులు కుట్టేవాడి బతుకు, బడికి నడిచి వెళ్లిన దూరం అన్నీ వరసగా బయటికొస్తాయి. స్థానిక చరిత్ర పనిలో మెళకువ అంతా ఇలాంటి ప్రశ్నను తయారు చేయడంలోనే ఉంది.

పిల్లలు రాసిన చాలా కథనాల కింద ఆ సంగతి ఎవరు చెప్పారు, వాళ్ల వయసెంత, ఏ ఊరు అనే వివరాలు ఉన్నాయి. ఈ ఒక్క అలవాటు ఆ నోటుపుస్తకాలను చారిత్రక ఆధారాలుగా నిలబెట్టింది. 1845లో మొదలైన మహా కరువు గురించి అందులో ఒక శీర్షిక ఉంది. ఆ కరువులో సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకు మించిన జనం దేశం వదిలిపోయారు. 1937 నాటికి దాన్ని కళ్లారా చూసినవాళ్లు మిగల్లేదనే చెప్పాలి. కానీ చూసినవాళ్ల పిల్లలున్నారు, డెబ్బై ఎనభై ఏళ్లవాళ్లు. పాడుబడిన ఫలానా ఇంట్లో ఎవరుండేవారు, జావ ఎక్కడ పోసేవారు, శవాలను ఎటు తీసుకెళ్లారు అన్న సంగతులు ఊరి పేర్లతో సహా పన్నెండేళ్ల పిల్లల చేతిరాతలో మిగిలాయి. ఇంకో పదేళ్లు ఆలస్యమైతే ఇందులో చాలా భాగం దక్కేది కాదు.

లోపాలు లేకపోలేదు. మనవరాలితో అన్నీ చెప్పరు. దాంపత్యం గురించి, కుటుంబాల మధ్య పగల గురించి ఆ పేజీల్లో వెతికితే దొరికేది తక్కువ. 1922–23 అంతర్యుద్ధం ముగిసి అప్పటికి పదిహేనేళ్లు కూడా కాలేదు. ఊళ్లకు ఊళ్లు రెండుగా చీలిన ఆ కాలానికి శీర్షికల్లో చోటు దక్కలేదు. కొందరు టీచర్లు పిల్లల భాషను దిద్దారు. అయినా ఊరివాళ్లను ఊరి పిల్లలే అడిగారన్నది చిన్న విషయం కాదు. అధికారి ముందు కూర్చున్న రైతు ఒకలా మాట్లాడతాడు, రాత్రి పొయ్యి దగ్గర మనవడికి ఇంకోలా చెబుతాడు.

ఇంచుమించు ఇదే పని చిన్న స్థాయిలో అమెరికాలోని అపలేచియన్ కొండల్లో జరిగింది. జార్జియా రాష్ట్రం రేబన్ కౌంటీలో 1966లో ఒక హైస్కూల్ ఇంగ్లిష్ తరగతి పిల్లలు ఫాక్స్‌ఫైర్ అనే పత్రిక మొదలుపెట్టారు. టేప్ రికార్డర్లు పట్టుకుని చుట్టుపక్కల ముసలివాళ్ల దగ్గరికి వెళ్లి దుంగలతో ఇల్లు కట్టడం, సబ్బు కాయడం, మందు మొక్కలు గుర్తుపట్టడం ఎలాగో రికార్డు చేసి, ఫొటోలతో అచ్చువేశారు. ఆ వ్యాసాల సంకలనం 1972లో పుస్తకంగా వచ్చి లక్షల్లో అమ్ముడైంది. వచ్చిన డబ్బుతో అక్కడే కొండ మీద స్థలం కొని, పాత దుంగల ఇళ్లను తరలించి మ్యూజియం కట్టారు. ఊరి జ్ఞాపకాల మీద వచ్చిన ఆదాయం ఊరి దగ్గరే ఉండిపోవడం ఎప్పుడూ జరిగేది కాదు కాబట్టి దీన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి.

జనాన్ని పోగుచేయడం మాత్రమే తెలిసిన కార్యక్రమాల గతి ఏమైందో చూడటానికి కూడా అమెరికాలోనే ఉదాహరణ ఉంది. 1904 నుంచి అక్కడి చిన్న ఊళ్లలో షటాక్వా గుడారాలు తిరిగాయి. ఏటా వేసవిలో కొన్ని రోజుల పాటు ఉపన్యాసాలు, సంగీతం, నాటకాలు ఉండేవి. 1920ల నడుమ దాకా విపరీతమైన ఆదరణ. కానీ వక్తలనూ కళాకారులనూ ఆ గుడారాలు నడిపే కంపెనీయే పంపేది. టికెట్లు ఇంత మేరకు అమ్ముతామని ఊళ్లోని వ్యాపారులు ముందే పూచీ సంతకాలు పెట్టాలి, తగ్గితే తేడా వాళ్లే కట్టాలి. రేడియో, సినిమా, కార్లు వచ్చాయి, ఆ వెంటనే ఆర్థిక మాంద్యం వచ్చింది. 1930ల మొదట్లోనే గుడారాలు దాదాపు కనుమరుగయ్యాయి. వినోదం కోసం వచ్చినవాళ్లకు ఇంకోచోట వినోదం దొరికింది. ఊరికి తనదంటూ ఏదీ అందులో లేకపోవడంతో దాన్ని నిలబెట్టుకోవాలన్న పట్టుదలా ఎవరికీ కలగలేదు.

స్వీడన్‌లో పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ ఊరి వారసత్వ సంఘాలు సుమారు 2,000 ఉన్నాయి. వాటి జాతీయ సమాఖ్య 1916లో ఏర్పడింది. ఊళ్లోని ఒక పాత రైతు ఇంటినో, ఇంకోచోట నుంచి తరలించిన నాలుగైదు కట్టడాలనో సంఘం చూసుకుంటుంది. మిడ్‌సమ్మర్ పండుగ చాలా ఊళ్లలో ఆ ఇంటి ముందే జరుగుతుంది. వేసవిలో కాఫీ అమ్ముతారు, పైకప్పు బాగుచేయడానికి సభ్యులే వస్తారు. ఊరి చరిత్ర పుస్తకం వేసేదీ ఆ సంఘమే. అంటే చరిత్రకు విడిగా జనాన్ని పిలవాల్సిన పని లేదు, జనం ఎలాగూ కలిసే చోటే చరిత్ర ఉంది. పల్లెలో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు కొద్దిమందే ఉంటారు, వాళ్లకు పొలం పనులూ ఉంటాయి. కోతల రోజుల్లో ఎంత గొప్ప సభ పెట్టినా కుర్చీలు ఖాళీగానే ఉంటాయి. అప్పటికే జరుగుతున్న వేడుకకు చరిత్ర పనిని జోడిస్తే ఆ భారం సగం తగ్గుతుంది.

జోడించడం అంటే స్టేజీ మీద ఇంకో ఉపన్యాసం పెట్టించడం కాదు. ఒక బల్ల, ఒక స్కానర్, ఇద్దరు ఓపికగల మనుషులు చాలు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం 2010 నుంచి నడిపిన హిస్టరీ హార్వెస్ట్ పద్ధతి ఇదే. జనం ఇంట్లో ఉన్న ఉత్తరాలు, పనిముట్లు, ఫొటోలు తెస్తారు. విద్యార్థులు వాటిని స్కాన్ చేసి, ఆ వస్తువు కథను రికార్డు చేసి, వస్తువును అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తారు. పాత వస్తువు చేజారిపోతుందన్న భయం లేనప్పుడు బీరువాల్లో దాచినవి బయటికొస్తాయి.

ఫొటోల దగ్గర జరిగే పని దగ్గరగా చూస్తే ఇందులో ఎంత శ్రమ ఉందో తెలుస్తుంది. యాభై అరవై ఏళ్ల నాటి బడి గ్రూప్ ఫొటో ఒకటి వచ్చిందనుకుందాం. నాలుగు వరసల్లో నలభై మంది పిల్లలు. వెనకాల ఏ పేరూ రాసి ఉండదు. ఫొటో మీద పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి, ఒక్కో తల చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, లోపల ఒక అంకె వేస్తారు. అసలు ఫొటో మీద మాత్రం ఏమీ రాయరు. పక్కన ఒక జాబితాలో ఆ అంకెల ఎదురుగా పేర్లు నింపుకుంటూ పోతారు. ఒకరు పదిహేడో అంకె ఫలానా అంటారు, ఇంకొకరు కాదు వాళ్ల అన్న అంటారు. రెండు పేర్లూ రాసుకోవాలి, ఏది ఎవరు చెప్పారో కూడా రాసుకోవాలి. ఈ వాదనలోనే ఆ ఇల్లు ఎక్కడుండేది, ఆ అమ్మాయి బడి ఎందుకు మానేసింది లాంటి సంగతులు బయటపడతాయి. పక్కనే రికార్డర్ తిరుగుతూ ఉండాలి. ఫోన్‌లో రికార్డు చేసినా సరిపోతుంది, మాట్లాడేవాళ్లకు ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకుంటే చాలు.

జ్ఞాపకం తప్పు కావచ్చు కదా అన్నది చదువుకున్న చరిత్రకారులు తరచూ లేవనెత్తే అభ్యంతరం. తప్పు అవుతుంది, అందులో అనుమానం లేదు. ఇటలీలోని టెర్నీ పట్టణంలో 1949 మార్చి 17న, నాటో సైనిక కూటమిలో ఇటలీ చేరడానికి వ్యతిరేకంగా ఉక్కు కార్మికులు చేసిన నిరసనలో లుయీజి ట్రస్టుల్లి అనే యువ కార్మికుణ్ని పోలీసులు చంపారు. దశాబ్దాల తర్వాత చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్టెల్లి కార్మికులను అడిగితే చాలామంది ఆ మరణం 1953లో, ఉద్యోగాల తొలగింపుకు వ్యతిరేకంగా జరిగిన పెద్ద పోరాటంలో జరిగిందని చెప్పారు. తేదీ తప్పు. అయితే తోటి కార్మికుడి చావు వాళ్ల మనసుల్లో ఏ పోరాటంతో ముడిపడిందో ఆ తప్పు చెబుతోంది. ఉక్కు పట్టణంలో తేలిన ఈ సంగతి పల్లెకూ వర్తిస్తుంది. కాగితం తేదీ చెబుతుంది, ఆ సంఘటన జనానికి ఏమైందో జనమే చెప్పాలి. రెండింటినీ పక్కపక్కన పెట్టి ప్రచురించడం నిజాయితీగల పద్ధతి. పెద్దాయన చెప్పిన మాటను గప్‌చుప్‌గా దిద్దేయడం కాదు.

గొడవలను పక్కన పెట్టేసి అందమైన చరిత్ర చూపించాలన్న కోరిక అంతకంటే ప్రమాదం. ఇంగ్లండ్‌లోని షెర్బర్న్ అనే చిన్న ఊళ్లో 1905లో సుమారు 900 మంది స్థానికులు వేషాలు కట్టి ఊరి చరిత్రను ప్రదర్శించారు. దాన్ని చూసి దేశమంతటా అలాంటి ప్రదర్శనల వెల్లువ వచ్చింది. జనాన్ని కలపడంలో వాటి గొప్పతనం కాదనలేనిది, కుట్టినవాళ్లూ పాడినవాళ్లూ నటించినవాళ్లూ అందరూ ఊరివాళ్లే. కానీ కథ చాలాసార్లు పదహారో శతాబ్దపు రాణి మొదటి ఎలిజబెత్‌తోనే ముగిసేది. ఉమ్మడి భూములకు కంచెలు వేసి పేదలను బయటికి నెట్టిన కాలం, కూలీల తిరుగుబాట్లు, ప్రేక్షకుల్లో ఉన్న కుటుంబాల తాతల కాలం నాటి నిజాలు, ఇవి రంగస్థలం మీదకు రావడం అరుదు. రానివ్వకపోతే చప్పట్లు పడతాయి. కానీ ఆ ఊళ్లో ఓడిపోయినవాళ్ల మనవలకు ఈ చరిత్ర తమది కాదని వెంటనే అర్థమవుతుంది, వచ్చే ఏడాది వాళ్లు రారు.

పల్లెలో ఈ సమస్య ఇంకా సున్నితం, ఎందుకంటే పేరు మార్చి రాసినా అందరికీ అర్థమైపోతుంది. భూమి తగాదా గురించి ఒకరు చెప్పింది రేపు ఎదుటి ఇంటివాళ్లు వింటారు. అందుకని చెప్పినవాళ్లకు నిజమైన ఎంపికలు ఇవ్వాలి: ఇప్పుడే బయటపెట్టవచ్చు, పేరు లేకుండా పెట్టవచ్చు, తాను పోయాకే తెరవాలనవచ్చు, ఇన్నేళ్ల దాకా మూసి ఉంచాలనవచ్చు. ఆర్కైవులు ఇలా గడువు పెట్టి కాగితాలు మూసి ఉంచడం కొత్త పద్ధతి కాదు. ఊరి సంఘమూ అలా చేయగలదు, మాట నిలబెట్టుకుంటుందన్న నమ్మకం జనంలో ఉంటే. ఒకసారి మాట తప్పితే ఆ ఊళ్లో ఇంకెవ్వరూ రికార్డర్ ముందు కూర్చోరు.

చివరికి మిగిలే ప్రశ్న, పోగైనదాన్ని ఎక్కడ ఉంచాలన్నది. ఉత్సాహవంతుడైన ఒక టీచర్ కంప్యూటర్లో ఉంటే ఆయన బదిలీతో పోతుంది. దూరపు విశ్వవిద్యాలయంలో ఉంటే భద్రంగా ఉంటుంది గానీ ఊరివాళ్లు చూడలేరు. ఐర్లాండ్ నోటుపుస్తకాలకూ చాలాకాలం ఇదే జరిగింది. డబ్లిన్‌లో భద్రంగా ఉన్నాయి, పల్లెకు దూరంగా ఉన్నాయి. 2010ల నుంచి వాటిని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఊరి పేరుతో, బడి పేరుతో వెతుక్కునేలా పెడుతున్నారు. చేతిరాతను టైపు చేసే పనిలో వేలకొద్దీ పేజీలు వాలంటీర్లే పూర్తిచేశారు. ఎక్కడో వేరే ఖండంలో ఉన్నవాళ్లు సైతం తాత పన్నెండేళ్లప్పుడు రాసిన పేజీ తెరిచి, అది ఆయనకు చెప్పిన పొరుగింటి ముసలామె పేరు, వయసు చదువుకోగలుగుతున్నారు. ఆ సౌకర్యం 2010లలో సాధ్యమైంది, 1937లో ఆ బడి పిల్లవాడు పేజీ కింద ఆమె పేరు, వయసు, ఊరు రాసి పెట్టడం వల్ల.